ఇంగ్లండ్ పల్లెల్లో గుర్రం మీద: ఏ బాటలో వెళ్ళొచ్చు, ఏ బాటలో వెళ్ళకూడదు? తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల్ని రైడింగ్ స్కూల్లో చేర్చిన తెలుగు తల్లిదండ్రులు, నాలాగా నలభై దాటాక జీనెక్కినవాళ్ళు కలిసినప్పుడల్లా ఇవే సందేహాలు అడుగుతుంటారు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఇందులోని చట్టం ఇంగ్లండ్‌ది. స్కాట్లండ్ పద్ధతి వేరు, దానికి విడిగా ఒక ప్రశ్న ఉంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## జీనెక్కే ముందు

హ్యాకింగ్ అంటే ఏమిటి? రైడింగ్ క్లాసుకీ దానికీ తేడా ఏమిటి?

కంచె వేసిన అరీనా దాటి పల్లె దారుల్లో, పొలాల పక్కన, అడవుల్లో గుర్రం మీద తిరిగి రావడాన్ని ఇక్కడ హ్యాకింగ్ అంటారు. కంప్యూటర్లకూ దీనికీ సంబంధం లేదు. మామూలు సవారీకి వాడే గుర్రాన్ని పూర్వం హ్యాక్నీ అనేవారు, అదే కుదించుకుపోయి హ్యాక్ అయింది. క్లాసులో నేల మెత్తగా ఉంటుంది, నాలుగు వైపులా కంచె ఉంటుంది, గురువు ఎదురుగా నిలబడి చెబుతూ ఉంటారు. బయట ట్రాక్టరు వస్తుంది, కంపలోంచి నెమలిపిల్లంత పక్షి ఒక్కసారిగా లేస్తుంది, ఎక్కడో తుపాకీ పేలుతుంది. గుర్రం వీటన్నిటికీ ఎలా స్పందిస్తుందో బయటికి వెళ్తేనే తెలుస్తుంది. నాకు రైడింగ్ అంటే ఇదే. అరీనాలో నేర్చుకున్నదంతా దీనికోసమే.

మా పాప ఎన్ని క్లాసుల తర్వాత బయటికి వెళ్ళొచ్చు?

క్లాసుల లెక్కతో చెప్పలేం. కావలసినచోట గుర్రాన్ని ఆపగలగాలి, అడిగిన వైపు తిప్పగలగాలి, ట్రాట్‌లో (గుర్రం చిన్న పరుగులో) పగ్గాలు పట్టుకుని వేలాడకుండా కూర్చోగలగాలి. స్కూళ్ళు సాధారణంగా మొదట్లో పక్కన ఒకరు తాడు పట్టుకుని నడుస్తూ తీసుకెళ్తాయి. అది చిన్నతనం కాదు, ఆ దశను తొందరపెట్టకండి. గుర్రాలను సవారీకి అద్దెకిచ్చే స్కూలుకు స్థానిక కౌన్సిల్ లైసెన్సు ఉండాలి. ముందు అది చూడండి. తర్వాత రెండు సంగతులు అడగండి: ఒక్కో పెద్దమనిషి వెంట ఎంతమంది పిల్లలు వెళ్తారు, దారిలో ఎంత దూరం వాహనాల రోడ్డు ఉంది. మొదటి హ్యాక్‌కు రోడ్డు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

హెల్మెట్ తప్పనిసరా? సైకిల్ హెల్మెట్ పెట్టుకుంటే చాలదా?

14 ఏళ్ళలోపు పిల్లలు రోడ్డు మీద గుర్రమెక్కితే హెల్మెట్ పెట్టుకోవాలని 1990 నాటి చట్టం చెబుతోంది. పెట్టకపోతే బాధ్యత తల్లిదండ్రులది, లేదా వెంట ఉన్న పెద్దలది. తలపాగా ధరించే సిక్కు పిల్లలకు మాత్రం మినహాయింపు ఉంది. పెద్దలకు చట్టపరంగా తప్పనిసరి కాకపోయినా హెల్మెట్ లేకుండా ఎక్కడం నేను ఒప్పుకోను.

సైకిల్ హెల్మెట్ పనికిరాదు. గుర్రం మీంచి పడే ఎత్తు, తీరు వేరు. పీఏఎస్ 015 లాంటి ప్రమాణం ముద్ర ఉన్న రైడింగ్ హ్యాట్ కొనండి, దుకాణంలో తల కొలత చూపించి మరీ తీసుకోండి. ఎవరో వాడింది తీసుకోవద్దు, ఒకసారి గట్టిగా పడితే మార్చేయండి. కాలికి చిన్న మడమ ఉన్న బూటు కావాలి, లేకపోతే పాదం రికాబులోంచి ముందుకు జారి ఇరుక్కుంటుంది. చున్నీ, పొడవాటి స్కార్ఫు వద్దు. మెరిసే పసుపు లేదా నారింజ జాకెట్ మాత్రం పట్టపగలు కూడా వేసుకోవాలి.

ఇన్సూరెన్స్ కావాలా?

స్కూలు గుర్రం అయితే స్కూలుకే ఉంటుంది. సొంత గుర్రమో, ఒకరి గుర్రాన్ని మీరు చూసుకుంటున్నారో అయితే తప్పకుండా తీసుకోండి. 1971 జంతువుల చట్టం ప్రకారం మీ తప్పేమీ లేకపోయినా మీ గుర్రం చేసిన నష్టానికి మీరు బాధ్యులయ్యే సందర్భాలున్నాయి. పొలంలో ఉన్న గుర్రాలు దేనికో బెదిరి రోడ్డెక్కి కారుకు తగిలిన కేసులో, యజమానుల నిర్లక్ష్యం లేకపోయినా పరిహారం వాళ్ళే ఇవ్వాలని అప్పట్లో అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ 2003లో తీర్పిచ్చింది. బ్రిటిష్ హార్స్ సొసైటీ గోల్డ్ సభ్యత్వంతో ఇలాంటి మూడో మనిషి నష్టానికి బీమా కూడా వస్తుంది. చాలామంది ఆ సభ్యత్వం తీసుకునేది అందుకే.

## దారి ఎంచుకునేటప్పుడు

ఫుట్‌పాత్ బోర్డు ఉంది, ఎవరూ నడవడం లేదు. గుర్రం మీద వెళ్తే తప్పేంటి?

ఇక్కడ ఫుట్‌పాత్ అంటే మన ఊళ్ళో రోడ్డు పక్కన కట్టే అరుగు కాదు. ఎవరిదో పొలంలోంచి ప్రజలకు కాలినడకన మాత్రమే వెళ్ళే హక్కున్న బాట. నేల పొలం యజమానిదే. మీకున్నది నడిచే హక్కొక్కటే. అనుమతి లేకుండా గుర్రంతో వెళ్తే ఆ యజమాని భూమిలోకి అక్రమంగా చొరబడినట్టే. మామూలుగా అది పోలీసు కేసు కాదు, సివిల్ వ్యవహారం. యజమాని వెళ్ళిపొమ్మనవచ్చు, పంట పాడైతే నష్టం కట్టమనవచ్చు.

మొదటి ఏడాది మేమూ ఈ పొరపాటు చేశాం. మా అమ్మాయి పసుపు బాణం చూసి ‘దారి ఇటే’ అంది, నేను సరేనన్నాను. రెండు పొలాలు దాటాక కంచె ఎక్కి దిగే చెక్క మెట్లు ఎదురయ్యాయి. మనుషులు దాటగలరు, గుర్రాలు దాటలేవు. తడి నేలలో గిట్టలు దిగబడి గుంటలు పడ్డాయి. వెనక్కి తిరిగేసరికి రైతు నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు, ఆ గుంటల వైపు ఒకసారి చూశాడు, అంతే. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది.

మరి గుర్రానికి హక్కున్న దారులు ఏవి?

బ్రైడిల్‌వే మొదటిది. బ్రైడిల్ అంటే కళ్ళెం. నడిచేవాళ్ళు, గుర్రాలు, సైకిళ్ళు దీని మీద వెళ్ళొచ్చు. రెండోది రెస్ట్రిక్టెడ్ బైవే: దీని మీద గుర్రపు బండి కూడా తోలొచ్చు, మోటారు వాహనాలు మాత్రం కూడదు. మూడోది అన్ని వాహనాలకూ తెరిచిన బైవే. వీటికి తోడు మామూలు పల్లె రోడ్లు ఎలాగూ ఉన్నాయి. మోటార్‌వేల మీదికి గుర్రాలను రానివ్వరు.

స్తంభాల మీద బాణం రంగు చూస్తే తెలిసిపోతుంది. పసుపు ఫుట్‌పాత్, నీలం బ్రైడిల్‌వే, ముదురు ఊదా రెస్ట్రిక్టెడ్ బైవే, ఎరుపు అన్ని వాహనాల బైవే. పిల్లలకు ఒక్కటే నేర్పండి: పసుపు కనిపిస్తే ఆగి అడగాలి.

ఇంగ్లండ్‌లో నమోదైన హక్కు బాటల్లో గుర్రాలకు తెరిచి ఉన్నవి సుమారు 22 శాతమే. అవి కూడా ముక్కలు ముక్కలుగా ఉంటాయి. ఒక బ్రైడిల్‌వే అయిపోయాక ఇంకోటి దొరకాలంటే మధ్యలో రద్దీ రోడ్డు దాటాలి. నలుగురూ కలిస్తే ఇక్కడ రైడర్లు మాట్లాడుకునే మొదటి బాధ ఇదే.

మ్యాప్‌లో ఏది ఏదో ఎలా తెలుస్తుంది? గూగుల్ మ్యాప్స్ చాలదా?

చాలదు. అందులో బాట కనిపిస్తుంది గానీ దాని మీద ఎవరికి హక్కుందో నమ్మదగినట్టు తెలియదు. ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళ ఎక్స్‌ప్లోరర్ మ్యాప్ కొనండి, 1:25,000 స్కేలుది. అందులో హక్కు బాటలు ఆకుపచ్చ గీతలతో ఉంటాయి. చిన్న చిన్న గీతలు ఫుట్‌పాత్, పొడవాటి గీతలు బ్రైడిల్‌వే. నల్ల గీతతో ఉన్న బాట నేల మీద ఉన్నట్టే గానీ, దాని మీద మీకు హక్కున్నట్టు కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఫోన్ సిగ్నల్ పోయే లోయలు చాలా ఉన్నాయి కాబట్టి కాగితం మ్యాప్ జేబులో ఉండటమే మంచిది.

డెఫినిటివ్ మ్యాప్ అని అంటుంటారు, అదేమిటి?

మన ఊరి నక్షా గుర్తుందా? కోస్తాలో డొంక, తెలంగాణలో నక్షా బాట అనేవి రెవెన్యూ పటంలో ఉంటాయి. పక్క రైతు కలిపేసుకున్నా, పటం తీసి చూపిస్తే ‘ఇది అందరి దారి’ అని అడగగలుగుతాం. డెఫినిటివ్ మ్యాప్ చేసే పని అదే. 1949 చట్టం ప్రకారం ఒక్కో కౌన్సిల్ తన పరిధిలోని హక్కు బాటలన్నిటినీ సర్వే చేసి పటం తయారుచేయాలి. ఆ పటంలో బ్రైడిల్‌వే అని ఉంటే కోర్టులో అదే తిరుగులేని సాక్ష్యం. ఫుట్‌పాత్ అని మాత్రమే ఉంటే, నిజానికి పాతకాలంలో అక్కడ గుర్రాలూ తిరిగేవని ఎవరైనా తర్వాత నిరూపించే అవకాశం ఇంకా ఉంటుంది. కౌన్సిల్ ఆఫీసులో ఎవరైనా చూడొచ్చు, చాలా కౌన్సిళ్ళు ఇంటర్నెట్‌లోనూ పెట్టాయి.

‘పర్మిసివ్ బ్రైడిల్‌వే’ అని రాసి ఉంది. వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు, కానీ అది హక్కు కాదు, యజమాని అనుమతి. ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, వేట సీజన్లోనో గొర్రెలు ఈనే రోజుల్లోనో మూసేయవచ్చు. కొన్నిచోట్ల టోల్ రైడ్లు కూడా ఉన్నాయి: ఏడాదికింత అని రైతుకు కట్టి అతని పొలం అంచుల్లో స్వారీ చేసే ఏర్పాటు. చుట్టూ రద్దీ రోడ్లే ఉన్న ఊళ్ళలో అది కట్టిన డబ్బుకు తగినదే.

కొండల మీద, కామన్ (ఉమ్మడి మేత) భూముల్లో, బీచ్‌లో స్వేచ్ఛగా తిరగొచ్చా?

2000 సంవత్సరం చట్టం కొండలు, బీళ్ళు, కామన్ల మీద అందరికీ తిరిగే హక్కిచ్చింది, కానీ అది కాలినడకకే. మ్యాప్‌లో లేత పసుపు రంగు వేసిన ‘యాక్సెస్ ల్యాండ్’ చూసి గుర్రానికీ సరే అనుకోకండి. డార్ట్‌మూర్ కామన్ల సంగతి వేరు. 1985లో వచ్చిన ప్రత్యేక చట్టం అక్కడ నడకకూ గుర్రానికీ హక్కిచ్చింది. పట్టణాల పక్కనున్న కొన్ని కామన్ల మీద 1925 నాటి ఆస్తి చట్టం వల్ల గుర్రాలకూ హక్కుంది. బీచ్‌ల నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, వేసవిలో చాలాచోట్ల పగటి వేళ గుర్రాలను రానివ్వరు. నార్ఫోక్‌లోని హోల్కమ్ తీరం గుర్రాలకు పేరుపొందినది, రాజుగారి హౌస్‌హోల్డ్ కావల్రీ కూడా వేసవిలో అక్కడికి వస్తుంది.

రెండు మూడు రోజులు సాగే పొడవాటి దారులు ఉన్నాయా?

వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా సౌత్ డౌన్స్ వే ఉంది, సుమారు 160 కిలోమీటర్లు. మొత్తం గుర్రం మీద వెళ్ళగలిగేది. సుద్దరాయి కొండల అంచున నడుస్తుంటే ఒకవైపు సముద్రం కనిపిస్తుంది. ఉత్తరాన పెన్నైన్ బ్రైడిల్‌వే దాదాపు 330 కిలోమీటర్లు, దాన్ని గుర్రాలను దృష్టిలో పెట్టుకునే తయారుచేశారు. రిడ్జ్‌వేలో పడమటి సగం గుర్రాలకు పనికొస్తుంది, తూర్పు భాగంలో చాలావరకు ఫుట్‌పాత్. రాత్రికి గుర్రానికి పచ్చిక, నీళ్ళు దొరికే చోటు ముందే మాట్లాడుకోండి. మన పడక తర్వాత చూసుకోవచ్చు.

## రోడ్డు మీద

కార్లు పక్కనుంచి దూసుకెళ్తున్నాయి. నియమం ఏమిటి?

2022 జనవరి 29న మారిన హైవే కోడ్ ప్రకారం గుర్రాన్ని దాటే డ్రైవరు గంటకు 10 మైళ్ళ లోపు వేగంతో, కనీసం 2 మీటర్ల ఎడంతో వెళ్ళాలి. హారన్ కొట్టకూడదు, ఇంజను గట్టిగా రెయిజ్ చేయకూడదు. మనలో చాలామంది రోజూ కారు నడిపేవాళ్ళమే, కాబట్టి ఇది మనకూ వర్తిస్తుంది. వెనక కారు ఆగి ఓపిక పడితే చెయ్యెత్తి ధన్యవాదం చెప్పండి. చెయ్యి తీయలేని పరిస్థితిలో తల ఊపి చిరునవ్వు నవ్వినా చాలు. మరొక రైడరుకు ఆ డ్రైవరు మళ్ళీ ఆగేది ఆ నవ్వు వల్లే. ఎవరైనా ప్రమాదకరంగా దాటితే బ్రిటిష్ హార్స్ సొసైటీ హార్స్ ఐ యాప్‌లో నమోదు చేయండి. దెబ్బలు తగలకపోయినా సరే.

ఇద్దరం పక్కపక్కనే వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు, ఇద్దరికి మించి కూడదు. ఇరుకు రోడ్డయినా, రద్దీ ఉన్నా, మలుపు వచ్చినా ఒకరి వెనక ఒకరు. కొత్త రైడరునో, కొత్త గుర్రాన్నో తీసుకెళ్తుంటే అనుభవజ్ఞులు పక్కన ఉండటాన్ని హైవే కోడ్ కూడా గుర్తిస్తుంది. గుర్రం ఎప్పుడూ రోడ్డుకు ఎడమ వైపే. నడిచేవాళ్ళు వాహనాలకు ఎదురుగా కుడి వైపు నడుస్తారు, దాన్ని చూసి గుర్రాన్నీ అటు నడిపేవాళ్ళు ఉన్నారు, అది తప్పు.

భయమేస్తే పేవ్‌మెంట్ ఎక్కొచ్చా?

ఎక్కకూడదు. 1835 నుంచీ అది నేరం. గడ్డి అంచు ఉంటే దాని మీదికి జరగొచ్చు గానీ, కాలువలు, సీసా పెంకులు ఉంటాయి, చూసుకోండి.

శీతాకాలంలో ఆఫీసు అయ్యాక వెళ్ళొచ్చా?

అక్టోబరు చివర గడియారాలు మారాక సాయంత్రం స్వారీ మానేయడమే నా సలహా. తప్పక వెళ్ళాల్సి వస్తే ముందుకు తెల్ల దీపం, వెనక్కి ఎర్ర దీపం ఉండాలి, గుర్రం కాళ్ళకు మెరిసే పట్టీలు కట్టాలి.

## పొలాల మధ్య

రైతు బ్రైడిల్‌వేను దున్నేశాడు. ఇప్పుడెలా?

బాట పొలం మధ్యలోంచి వెళ్తుంటే విత్తడానికి దున్నే హక్కు రైతుకుంది. కానీ 14 రోజుల్లోగా కనీసం 2 మీటర్ల వెడల్పున బాటను తిరిగి చదును చేసి, ఎక్కడుందో కనిపించేలా చేయాలి. ఆ పంటకే మళ్ళీ దున్నితే గడువు 24 గంటలే. మొలకెత్తాక బాట మీద పంట ఉండకూడదు. పొలం అంచున వెళ్ళే బ్రైడిల్‌వేను అసలు దున్నకూడదు, అక్కడ కనీస వెడల్పు 3 మీటర్లు. ఈ అంకెలు గుర్తుంచుకుంటే రైతుతో మర్యాదగా మాట్లాడటం తేలికవుతుంది. మన రైతు కుటుంబాల పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు: వాన కురిసిన మర్నాడు నడకే, క్యాంటర్ (ట్రాట్ కన్నా వేగమైన పరుగు) వద్దు.

గేటు తెరవడం మహా కష్టంగా ఉంది. పద్ధతి ఏమైనా ఉందా?

బ్రైడిల్‌వే మీద గేటు కనీసం 5 అడుగుల వెడల్పు ఉండాలని చట్టం. గుర్రాన్ని గేటుకు సమాంతరంగా నిలబెట్టి, గడియ వైపున్న చేత్తో తీయాలి. ఒకరు దాటి గేటు వేసేదాకా మిగతావాళ్ళు కదలకూడదు. తోటి గుర్రాలు వెళ్ళిపోతుంటే గేటు దగ్గరున్నది తొందరపడి కాలు ఇరికించుకుంటుంది. గేటు ఎలా ఉంటే అలాగే వదలండి, మూసి ఉంటే మూయండి. కుదరకపోతే దిగి తీయడంలో తప్పులేదు, మళ్ళీ ఎక్కడానికి ఒక దిమ్మో మొద్దో ఉందేమో ముందే చూసుకోండి.

పొలంలో ఆవులు, ఆంబోతు ఉంటే?

పాడి జాతి ఆంబోతు 10 నెలలు దాటితే హక్కు బాట ఉన్న పొలంలో వదలకూడదు. మాంసం జాతివైతే ఆవులతో కలిపి వదలొచ్చు. దూడలున్న ఆవులే ఎక్కువ ప్రమాదం. కోడెదూడలు కుతూహలంతో గుర్రం వెంట పరిగెత్తుకొస్తాయి, మీరూ పరిగెత్తించకండి. నడకలోనే, దూడకీ తల్లికీ మధ్యలోకి పోకుండా చుట్టి వెళ్ళండి.

గుర్రం దారి పక్క ఆకులు కొరుకుతోంది. ఫర్వాలేదా?

కొరకనివ్వకండి. చర్చి ఆవరణల్లో ముదురాకుపచ్చగా ఉండే యూ చెట్టు గుర్రానికి ప్రాణాంతకం, కొద్దిపాటి ఆకు చాలు. పసుపు పూల ర్యాగ్‌వర్ట్ కాలేయాన్ని పాడుచేస్తుంది.

బ్రైడిల్‌వే మీద సైకిళ్ళు ఎందుకు? ఎవరు దారివ్వాలి?

1968 చట్టం సైకిళ్ళకు ఆ హక్కిచ్చింది, దాంతోపాటే నడిచేవాళ్ళకూ గుర్రాలకూ దారివ్వాలనే బాధ్యతా పెట్టింది. వెనకనుంచి నిశ్శబ్దంగా వస్తే గుర్రం అదురుతుంది. ‘హలో’ అని పలకరించమని అడగండి. మనిషి గొంతు వింటే గుర్రం కుదుటపడుతుంది.

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు మా వెంట నడిచి రావచ్చా?

హాయిగా రావచ్చు, బ్రైడిల్‌వే నడిచేవాళ్ళదీ. గుర్రానికి సరిగ్గా వెనక భాగం కనిపించదు కాబట్టి వెనక నడవకుండా, కొంచెం ఎడంగా భుజం పక్కన నడవమనండి. గొడుగు ఉన్నట్టుండి తెరవకూడదు. గాలికి ఎగిరే చీర కొంగు నడుములో దోపుకుంటే మంచిది. మా అత్తయ్య వచ్చినప్పుడు గుర్రానికి బెల్లం ముక్క పెట్టబోయింది. ఆవిడ ప్రేమ నిజమే, కానీ యజమానిని అడగకుండా ఏ గుర్రానికీ ఏమీ పెట్టకూడదు. కొన్నిటికి తీపి వల్ల గిట్టల జబ్బు ముదురుతుంది.

## వేరే చోట

స్కాట్లండ్‌లో ఎక్కడైనా వెళ్ళొచ్చంటారు, నిజమేనా?

దాదాపు నిజమే. 2003 భూసంస్కరణ చట్టం అక్కడ చాలా భూముల మీద, నీళ్ళ మీద బాధ్యతగా తిరిగే హక్కిచ్చింది, అందులో గుర్రపు స్వారీ కూడా ఉంది. ఇళ్ళ ఆవరణలు, పంట ఎదుగుతున్న చేలు మినహాయింపు. గిట్టలతో మెత్తటి నేల పాడుచేస్తే అది బాధ్యత అనిపించుకోదు. సెలవుల్లో అక్కడ స్వారీ చేసి వచ్చాక ఇంగ్లండ్‌లో పసుపు బాణం ముందు ఆగడం కొంచెం కష్టంగానే ఉంటుంది.

## బాట మూసుకుపోతే

బ్రైడిల్‌వే నిండా ముళ్ళకంప. ఎవరికి చెప్పాలి?

ఆ ప్రాంతం హైవే బాధ్యతలున్న కౌన్సిల్‌కు. హక్కు బాటల విభాగం ఉంటుంది, వెబ్‌సైట్‌లో ఫిర్యాదు ఫారం ఉంటుంది. బాట నంబరు, మ్యాప్ గ్రిడ్ రిఫరెన్సు, తేదీ, ఫొటో పెట్టండి. ‘దారి బాగోలేదు’ అని రాస్తే కదలదు. ‘ఫలానా గేటు నుంచి 50 మీటర్ల దగ్గర తాళం వేశారు’ అని రాస్తే కదులుతుంది. నేను ఒక బాట గురించి పధ్నాలుగు నెలల్లో ఆరుసార్లు రాశాను. ఆరోసారి మా యార్డులోని (గుర్రాలశాలలోని) తొమ్మిదిమంది విడివిడిగా రాశాక కంప కొట్టించారు. కాబట్టి ఒక్కరే రాయకండి.

మేం ఏళ్ళ తరబడి తిరుగుతున్న బాట మ్యాప్‌లోనే లేదు. హక్కు రాదా?

రావచ్చు. 1980 హైవేల చట్టం ప్రకారం ప్రజలు 20 ఏళ్ళు ఆటంకం లేకుండా, దౌర్జన్యంగా కాక, చాటుగా కాక, అనుమతి అడగకుండా తిరిగితే ఆ బాట హక్కు బాట అయినట్టు భావించవచ్చు. యజమాని తనకు ఆ ఉద్దేశం లేదని అప్పట్లోనే బోర్డు పెట్టి ఉంటే కుదరదు. ఒక్కరే 20 ఏళ్ళు తిరగనక్కర్లేదు. ఒకరు మొదటి ఎనిమిదేళ్ళు, ఇంకొకరు తర్వాతి పన్నెండేళ్ళు అయినా సరిపోతుంది. సాక్ష్యం ఫారాలు నింపి కౌన్సిల్‌కు దరఖాస్తు చేయాలి. అందుకే యార్డులోని ముసలివాళ్ళతో ఇప్పుడే మాట్లాడి రాయించుకోండి. వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా ఎటు తిరిగారో ఏ కాగితంలోనూ లేదు.

2026తో పాత బాటల హక్కు పోతుందని విన్నాం. నిజమా?

2000 చట్టం 2026 జనవరి 1ని గడువుగా పెట్టిన మాట నిజమే. ఆలోగా నమోదు కాని పాత బాటల హక్కులు చాలావరకు రద్దయ్యేవి. తర్వాత దాన్ని 2031కి జరిపారు. 2024 డిసెంబరులో ఇంగ్లండ్‌కు సంబంధించి ఆ గడువునే ఎత్తేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ మాట విని చేస్తున్న పని ఆపకండి. పాత బాటలకు సాక్ష్యం 1830, 1840ల నాటి టైత్ (చర్చికి కట్టే పన్ను) పటాల్లో, ఎన్‌క్లోజర్ అవార్డుల్లో (ఉమ్మడి భూములను కంచెలు వేసి పంచిన పత్రాల్లో), 1910 భూమి పన్ను సర్వే పటాల్లో దొరుకుతుంది. ఒక్కో బాటకు నెలలు పడుతుంది. జిల్లా ఆర్కైవ్‌లో ముందుగా చెప్పి వెళ్తే పటాలు తీసిపెడతారు. పెన్సిల్ తీసుకెళ్ళండి, పెన్ను లోపలికి రానివ్వరు.